సైకిల్ టూర్‌కి ఏ బ్యాగు ముందు కొనాలి? బెజవాడ, గుంటూరు దారుల లెక్క

సైకిల్ మీద రెండు మూడు రోజులు తిరిగొద్దామని అనుకోగానే ఎవరైనా చేసే మొదటి పని ఆన్‌లైన్‌లో బ్యాగులు చూడటం. చూడగానే కంటికి ఆనేది సీటు వెనక పొడుచుకొచ్చిన పెద్ద బ్యాగు. ఫొటోల్లో దాని అందమే వేరు. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి డబ్బులు దాని మీదే పోస్తారు. మన వైపు తొక్కేవాళ్లకి అది కొనాల్సిన వరసలో ఆఖరిదని నా అభిప్రాయం. మొదటిది ఫ్రేమ్ మధ్యలో పట్టే బ్యాగు. ఈ రెండింటి మధ్య మామూలు క్యారియర్ వస్తుంది, పాతకాలందని మనం పక్కన పడేసినదే.

ఎందుకంటే ఈ సీటు బ్యాగు పద్ధతి పెరిగింది చలి దేశాల్లో. అలాస్కా మంచుదారుల్లో రేసులు తొక్కేవాళ్లు, కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా సుమారు 4,400 కిలోమీటర్లు సాగే టూర్ డివైడ్ రేసు వాళ్లు దీన్ని వాడి వాడి అందరికీ అలవాటు చేశారు. వాళ్ల సామానులో చోటంతా తినేది స్లీపింగ్ బ్యాగు, ఈకల జాకెట్, టెంటు. ఇవి ఉబ్బుగా ఉంటాయి తప్ప బరువుండవు. అలాంటివాటిని కుక్కి సీటు వెనక వేలాడదీస్తే ఇబ్బంది లేదు. మనకి సంక్రాంతి చలికి కూడా ఒక పల్చటి దుప్పటి చాలు. చాలా దారుల్లో రాత్రికి లాడ్జీనో, సత్రమో దొరుకుతుంది కాబట్టి అదీ అక్కర్లేదు.

మన బ్యాగు నిండేది నీళ్లతో. ఎండని బట్టి గంటకి అర లీటరు నుంచి లీటరు దాకా తాగాలి. ఫిబ్రవరి దాటితే పదింటికే ఎండ చురుక్కుమంటుంది, మే నెలలో బెజవాడ ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఊళ్లు దూరంగా ఉండే దారైతే నాలుగు లీటర్లు మోయాలి, అంటే నాలుగు కిలోలు. ఒక జత బట్టలు, తువ్వాలు, పంపు, ట్యూబులు, చార్జరు, మందులు అన్నీ కలిపితే ఇంకో నాలుగైదు కిలోలు. మొత్తం మూటలో దాదాపు సగం నీళ్లే. మన సామాను చిన్నది, బరువైనది. వాళ్ల సామాను పెద్దది, తేలికైనది. వాళ్ల సామానుకి కొలిచి కుట్టిన బ్యాగులో మన సామాను పెడితే ఎక్కడో ఒకచోట తేడా కొడుతుంది. ఆ కొట్టేది సరిగ్గా సీటు దగ్గరే.

ఫ్రేమ్ బ్యాగు: సగమా, మొత్తమా

బరువు ఎంత కిందకి, ఎంత మధ్యకి ఉంటే సైకిల్ అంత మాట వింటుంది. ఫ్రేమ్ త్రికోణానికి మించిన చోటు లేదు. ఇందులో రెండు రకాలు. పై సగం మాత్రమే ఆక్రమించేది ఒకటి, మూడు నుంచి ఐదు లీటర్ల దాకా పడుతుంది, కింద సీసాల హోల్డర్లు అలాగే ఉంటాయి. రెండోది త్రికోణం మొత్తం నింపేసేది, సామాను ఎక్కువ పడుతుంది గానీ సీసాలకి చోటుండదు.

సగం బ్యాగు మంచి మధ్యే మార్గంలా కనిపిస్తుంది. అందులో ఒక మెలిక ఉంది. మనలో ఐదడుగుల నాలుగు, ఐదడుగుల ఐదు అంగుళాలవాళ్లు తొక్కేది ఎస్ సైజు ఫ్రేమ్. దాని త్రికోణం ఇరుకు. పైన సగం బ్యాగు బిగించాక కింద లీటరు సీసా పెట్టగలిగినా, తీయడానికి సందుండదు. పక్కనుంచి లాగే రకం హోల్డర్ వేయించుకుంటే కొంత నయం. లేదా సీసాలని అక్కడినుంచి తీసేసి, మొత్తం బ్యాగు వేసుకుని, లోపల రెండు లీటర్ల నీటి తిత్తి పెట్టుకుని, దాని గొట్టం హ్యాండిల్ దాకా తెచ్చుకోవడం. ఎండాకాలం ఇది ఇంకా మేలు, బయట సీసాలో నీళ్లు గంటలో కాగిపోతాయి, బట్టల మధ్య ఉన్న తిత్తిలో అంత తొందరగా వేడెక్కవు. పొడుగువాళ్లు, ఎం, ఎల్ ఫ్రేమ్‌లవాళ్లు ఇదంతా ఆలోచించకుండా సగం బ్యాగు కొనేసుకోవచ్చు.

కొనేముందు ఒక అట్టముక్క తీసుకుని ఫ్రేమ్‌కి ఆనించి, లోపలి అంచు వెంబడి పెన్సిల్‌తో గీయండి. కేబుళ్లు పోయేచోట, పంపు క్లిప్పు ఉన్నచోట గుర్తు పెట్టండి. ఆ అట్ట కత్తిరించి, బ్యాగు కొలతలు కూడా ఇంకో అట్ట మీద గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే సరిపోతుందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది. సైట్లో "అన్ని సైకిళ్లకీ సరిపోతుంది" అని రాసి ఉంటే అది ఏ సైకిల్‌కీ సరిగ్గా సరిపోదని అర్థం.

వెడల్పు కూడా చూడాలి. ఆరు సెంటీమీటర్లు దాటితే తొక్కేటప్పుడు మోకాళ్ల లోపలి వైపు రాసుకుంటుంది. బ్యాగు సన్నగానే ఉన్నా మధ్యలో నీటి తిత్తి ఉబ్బితే అదే గొడవ. తిత్తిని నిలువుగా కాకుండా పొడుగ్గా పడుకోబెట్టి, పైన తేలిక సామాను సర్దితే ఉబ్బు తగ్గుతుంది. వెల్క్రో పట్టీలు ఫ్రేమ్ రంగుని తినేస్తాయి, పట్టీ కింద చేరిన దుమ్ము గరుకు కాగితంలా పనిచేస్తుంది. బైకులకి స్టిక్కర్లు వేసే షాపులో పారదర్శకంగా ఉండే ఫిల్మ్ ముక్కలు వేయించుకుంటే చవకలో పోతుంది.

సీటు బ్యాగా, క్యారియరా

అసలు తగువు ఇక్కడే. సీటు బ్యాగువాళ్లు క్యారియర్‌ని చూసి నవ్వుతారు, క్యారియర్‌వాళ్లు సీటు బ్యాగు ఊగుడు చూసి నవ్వుతారు.

సీటు బ్యాగు తేలిక. ఖాళీది చాలావరకు అర కిలో లోపే. సైకిల్‌కి స్క్రూ రంధ్రాలు ఉన్నా లేకపోయినా పడుతుంది, వెడల్పు పెరగదు, గతుకుల్లో గడగడా చప్పుడు చేయదు. కార్బన్ ఫ్రేమ్‌లకి, రేసు సైకిళ్లకి దాదాపు ఇదొక్కటే దారి. ఇక చిక్కులు. సీటు కిందినుంచి వెనక టైరు పైదాకా ఎంత సందుందో కొలవండి. 20 సెంటీమీటర్లకి లోపుంటే పెద్ద బ్యాగు జోలికి పోవద్దు, స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరినప్పుడల్లా బ్యాగు అడుగు టైరుకి తగిలి అరుగుతుంది. పొట్టి ఫ్రేమ్, పెద్ద చక్రం ఉన్నవాళ్లకి ఈ సందు చాలా తక్కువ. కొనేది ఏ కంపెనీదైనా కనీసం ఎంత సందు కావాలో రాసి ఉంటుంది, ఆ అంకె చూడకుండా డబ్బు కట్టొద్దు.

రెండోది ఊగడం. కూర్చుని తొక్కినంతసేపూ తెలియదు. ఘాట్ ఎక్కుతూ సీటు వదిలి నిలబడ్డారా, వెనకనుంచి ఎవరో పట్టుకుని అటూ ఇటూ లాగుతున్నట్టుంటుంది. బరువైనవి సీటు గొట్టానికి ఆనించి, తేలికవి చివర పెట్టి, గాలి మొత్తం పోయేలా నొక్కి చుడితే ఊగుడు సగానికి పైగా తగ్గుతుంది. అయినా అందులో నీళ్ల సీసాలు, పనిముట్లు పెట్టొద్దు. మన సామానులో బరువైనవి నీళ్లు, పనిముట్లే కదా, రెండూ ఇక్కడ పనికిరావన్నాక ఆ 14 లీటర్ల పెద్ద బ్యాగులో మనం పెట్టేది రెండు జతల బట్టలు. దానికి ఏడెనిమిది లీటర్ల చిన్న బ్యాగు చాలు, అది ఊగదు కూడా. కొంటే చిన్నది కొనండి.

క్యారియర్ దగ్గరికి వద్దాం. పాలక్యాన్లు వేలాడే చోటే మన బ్యాగులూ వేలాడతాయి. అటొకటి ఇటొకటి తగిలించే సంచులని ప్యానియర్లంటారు. ఒక్కోటి 20 లీటర్లవి మామూలుగా దొరుకుతాయి, మనకి అంత అవసరం లేదు, పది పన్నెండు లీటర్ల చిన్నవి వెతుక్కోండి. పెద్ద సంచి ఇంట్లో ఖాళీగా కనిపిస్తే ఏదో ఒకటి కుక్కబుద్ధేస్తుంది. క్యారియర్, ప్యానియర్లు కలిపి ఖాళీవే రెండు, రెండున్నర కిలోలు ఉంటాయి. తిన్నటి రోడ్డు మీద ఆ తేడా తెలియదు, కొండవీడు ఘాట్ మీద తెలుస్తుంది.

కొనేముందు మీ సైకిల్‌కి వెనక చక్రం ఇరుసు దగ్గర, సీటు గొట్టం దగ్గర స్క్రూ రంధ్రాలున్నాయో లేదో చూడండి. హైబ్రిడ్ సైకిళ్లలో చాలావాటికి ఉంటాయి. లేకపోతే సీటు గొట్టానికి మాత్రమే బిగించే క్యారియర్లు ఉన్నాయి, అవి తొమ్మిది పది కిలోలకి మించి మోయవు, పక్కకి తిరిగిపోయే జబ్బు ఒకటి. కార్బన్ సీటు గొట్టానికైతే అసలు వద్దు. డిస్క్ బ్రేక్ సైకిల్‌కి దానికోసం వంపు తిప్పిన క్యారియర్ అడగాలి, లేకపోతే క్యారియర్ కాలు బ్రేకుకి తగులుతుంది. ప్యానియర్ తగిలించాక పెడల్ తిప్పి మడమ తగులుతోందేమో చూసుకోండి, పెద్ద పాదాలు, పొట్టి ఫ్రేమ్ ఉన్నవాళ్లకి తప్పకుండా తగులుతుంది. అప్పుడు సంచిని రెండు మూడు అంగుళాలు వెనక్కి జరపాలి.

ఇనపదా, అల్యూమినియందా అంటే నేను ఇనపదానికే ఓటేస్తాను. అల్యూమినియంది తేలిక, తుప్పు పట్టదు. కానీ విరిగితే దాన్ని అతికేవాడు పొన్నూరులో దొరకడు. ఇనపదైతే ప్రతి ఊళ్లోనూ ట్రాక్టర్ ట్రక్కులు అతికే వెల్డింగ్ షాపు ఉంటుంది, టీ తాగేలోపు పని అయిపోతుంది. ఏదైనా సరే స్క్రూలు రోజూ పొద్దున్న ఒకసారి వేలితో కదిపి చూడాలి, అవి వదులైన సంగతి చప్పుడు చెప్పేలోపు ఒకటి ఎక్కడో పడిపోయి ఉంటుంది. అదే సైజువి రెండు స్పేర్, నాలుగు ప్లాస్టిక్ జిప్ టైలు జేబులో పడేసుకోండి. క్యారియర్ మీద "25 కిలోలు" అని రాసి ఉన్నది క్యారియర్ మోసే బరువు, మీ వెనక చక్రం స్పోకులు మోసేది కాదు. మీరు 85 కిలోలుండి వెనక ఇంకో 15 వేస్తే ముందు తెగేవి స్పోకులే.

మూడో దారి ఒకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. క్యారియర్ ఉంచండి, ప్యానియర్లు వద్దు. ఒక 15 లీటర్ల వాటర్‌ప్రూఫ్ సంచి, నోరు చుట్టి క్లిప్పు పెట్టే రకం, క్యారియర్ మీద పొడుగ్గా పడుకోబెట్టి కట్టేయండి. సీటు బ్యాగంత సన్నగా ఉంటుంది, ఊగదు, టైరుకి తగలదు. కట్టడానికి విదేశీ రబ్బరు పట్టీలు కొననక్కర్లేదు. పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు అడిగితే ఊరికే ఇస్తారు. రెండు వేళ్ల వెడల్పున పొడుగ్గా కోసి, ఒక కొస క్యారియర్ కడ్డీకి ముడేసి, బాగా లాగి రెండో వైపు తిప్పి, కొసని అదే చుట్టు కిందకి దోపేయాలి. ముడి వేయక్కర్లేదు, రబ్బరు రబ్బరుని పట్టుకుంటుంది. కొక్కేల తాళ్లు మాత్రం వద్దు, కొక్కెం జారి చక్రంలో పడితే మాటలు కాదు.

ఇలాంటి సంచిలో ఇంకో సుఖం ఉంది. లాడ్జీ దగ్గర రెండు చుట్లు విప్పితే సంచి చేతికొస్తుంది, గదిలోకి వెళ్లిపోవచ్చు. రైల్లో సైకిల్ బుక్ చేసేటప్పుడూ అంతే. బ్రేక్ వ్యాన్‌లో వేసే సైకిల్‌కి ఏ బ్యాగూ తగిలించి ఉంచకూడదు, అన్నీ విప్పి మీతో తీసుకెళ్లాలి. ప్యానియర్లు క్షణంలో ఊడతాయి. సీటు బ్యాగు, ఫ్రేమ్ బ్యాగు పట్టీలు ఒక్కోటీ విప్పి, దిగాక మళ్లీ కట్టడం చిరాకు పని. వైజాగ్ దాకా రైల్లో వెళ్లి అక్కడినుంచి అరకు ఎక్కుదామనుకునేవాళ్లు దీన్ని లెక్కలో వేసుకోవాలి.

హ్యాండిల్ బ్యాగు, చిల్లర బ్యాగులు

హ్యాండిల్‌కి కట్టే చుట్ట బ్యాగు లేకపోయినా బండి నడుస్తుంది. టెంటో, దోమతెరో మోసేవాళ్లకే అవసరం. కడితే రెండు మూడు కిలోలు మించనివ్వొద్దు, మలుపు తిప్పడం బరువెక్కుతుంది. ముందు షాకులున్న సైకిల్‌కి, గుంటలో పడి షాకు కిందకి దిగినప్పుడు బ్యాగు టైరుకి తగలకుండా చూసుకోవాలి. గేరు, బ్రేకు కేబుళ్లని నొక్కేసే బ్యాగు అసలు వద్దు, ఘాట్ దిగేటప్పుడు బ్రేకు కేబుల్ మీద ప్రయోగాలు చేయకూడదు. లైటు ఎక్కడ పెడతారో కూడా ముందే ఆలోచించండి, చాలా బ్యాగులు లైటుకి సరిగ్గా అడ్డం నిలబడతాయి. వెనక సీటు బ్యాగు ఎర్ర లైటుని ఎలాగూ మింగేస్తుంది, బ్యాగు మీదే లైటు తగిలించే పట్టీ ఉందో లేదో చూడండి. హైవే సర్వీస్ రోడ్డు మీద తెల్లవారుజామున తొక్కేవాళ్లకి ఇది ప్రాణం మీది విషయం.

పైగొట్టం మీద పెట్టే చిన్న పెట్టెలాంటి బ్యాగు, పైన ఫోను కనిపించే ప్లాస్టిక్ కిటికీతో, చవగ్గా దొరుకుతుంది. చలికాలం బాగుంటుంది. మార్చి దాటాక ఆ నల్ల డబ్బాలో ఫోను వేడెక్కి ఆగిపోతుంది, పవర్ బ్యాంకు అందులో ఎండలో ఉడకడం అసలు మంచిది కాదు. ఖర్జూరం, వేరుశనగ చిక్కీ, ఓఆర్ఎస్ పొట్లాలు, డబ్బులకి వాడుకోండి. ఫోనుకి విడిగా హోల్డరు పెట్టుకోండి. హ్యాండిల్ పక్కన తగిలించే గుండ్రటి సంచి మాత్రం ఒకటి కొనుక్కోవచ్చు, లీటరు సీసా నిలువుగా పడుతుంది, ఆగకుండా తాగొచ్చు.

వీపున బ్యాగు వేసుకోవడం మన వాతావరణానికి పనికిరాదు. పది కిలోమీటర్లకే చొక్కా పిండుకోవాల్సి వస్తుంది.

వాన, రేగడి, ఉప్పుగాలి

టూర్లకి మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. అలాగని వానని మర్చిపోవద్దు. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. బ్యాగు మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉండటం వేరు, అది వానని ఆపడం వేరు. గుడ్డ ఎంత మంచిదైనా కుట్టు ఉన్నచోట సూది రంధ్రాలుంటాయి, నీళ్లు అక్కడినుంచే దిగుతాయి. అంచులు వేడితో అతికించిన బ్యాగులే నిజంగా ఆపుతాయి. పరీక్ష సులువు. లోపల నలిపిన న్యూస్ పేపర్ కుక్కి, మూసి, పెరట్లో పైపుతో ఐదు నిమిషాలు కొట్టండి. పేపర్ ఎక్కడ మెత్తబడిందో చూస్తే కారే చోటు తెలుస్తుంది. కుట్టు బ్యాగు చవగ్గా వచ్చిందని కొన్నా తప్పేం లేదు, లోపల మందపాటి ప్లాస్టిక్ కవరు వేసి బట్టలు అందులో పెడితే సరి.

ప్యానియర్లలో పేరున్న ఓర్ట్‌లీబ్ అతికించిన రకమే. 1980ల మొదట్లో హార్ట్‌మట్ ఓర్ట్‌లీబ్ అనే జర్మన్ కుర్రాడు ఇంగ్లండులో వానలో తడుస్తూ సైకిల్ తొక్కుతుంటే, పక్కనుంచి పోయే లారీల మీద టార్పాలిన్ కనిపించిందట, ఆ గుడ్డతోనే బ్యాగు కుట్టుకున్నాడు. 1982లో కంపెనీ పెట్టాడు. ఇప్పుడు ఆ జత మనకి చేరేసరికి పది వేలు దాటుతుంది. ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్లేవాళ్లకి, అదీ వానల్లో వెళ్లేవాళ్లకి తప్ప అంత పెట్టమని చెప్పను. డెకత్లాన్‌లో దొరికేవి, రాక్‌బ్రోస్, రైనోవాక్ లాంటి చైనా బ్రాండ్లవి మన వాడకానికి సరిపోతాయి. వాటిలో ముందు పోయేది గుడ్డ కాదు, జిప్పు. రెండు పక్కలా లాగి జిప్పు మీద బరువు పడేలా కుక్కితే ఏ జిప్పూ నిలవదు. పిడుగురాళ్ల సున్నపు దుమ్ము, తీరం వెంబడి ఉప్పుగాలి రెండూ జిప్పుకి శత్రువులే. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, ఆరాక పళ్ల మీద కొవ్వొత్తి రుద్దితే చాలాకాలం నడుస్తుంది. ఇనప బకిల్స్ ఉన్న బ్యాగులు సూర్యలంక వైపు తీసుకెళితే తుప్పు పడతాయి, ప్లాస్టిక్ క్లిప్పులు మేలు.

నల్లరేగడి సంగతి గుంటూరువాళ్లకి చెప్పాలా. వాన పడ్డ డొంకలో నాలుగు చక్రాల పొడవు కదిలేసరికి టైరుకి, మడ్‌గార్డుకి మధ్య మట్టి గట్టిగా పట్టేసి చక్రం ఆగిపోతుంది. సీటు బ్యాగు టైరుకి దగ్గరగా ఉంటే ఆ మట్టి బ్యాగు అడుగుని గీకేస్తుంది. కింద వేలాడే ప్యానియర్లు కూడా బురద మూటలైపోతాయి. రేగడి డొంకల్లోనే తిరగాలని ఉంటే మడ్‌గార్డులు తీసేసి, సామాను పైకి, మధ్యకి పెట్టుకోవాలి. నా మటుకు నేనైతే వాన పడ్డాక తారు రోడ్డే ఎక్కుతాను.

దారిని బట్టి

అమరావతి దాకా కరకట్ట మీద వెళ్లి రాత్రికి ఉండి వచ్చేవాళ్లకి, బెజవాడనుంచి 35 కిలోమీటర్లే కాబట్టి, సగం ఫ్రేమ్ బ్యాగు, చిన్న సీటు బ్యాగు చాలు. దారి పొడుగునా టీ కొట్లే. స్టవ్వు, గిన్నెలు మోసేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది, ఐదు కిలోమీటర్లకో ఇడ్లీ బండి ఉన్న జిల్లాలో గ్యాస్ డబ్బా ఎందుకు.

డెల్టాలోకి, అంటే బందరు, మంగినపూడి, హంసలదీవి వైపు కాలవ గట్ల మీద తిరిగేవాళ్లకి క్యారియర్ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. అంతా చదును, నిలబడి తొక్కే పనే లేదు, బరువు బాధించదు. ఎదురుగాలి బాధిస్తుంది, అక్కడ పెద్ద ప్యానియర్లు గాలిని పట్టేస్తాయి, క్యారియర్ మీద కట్టిన పొడుగు సంచి గాలిని పట్టదు. ఇక్కడ మోయాల్సింది దోమతెర. సముద్రం పక్కన సరుగుడు తోటలో పడుకుందామనుకుంటే స్థానికులని అడిగి పడుకోండి. టెంటు లోపలి జాలి భాగం ఒక్కటీ తీసుకెళితే సగం బరువు తగ్గుతుంది. కింద పరుచుకోడానికి పాత ఫ్లెక్సీ ముక్కకి మించింది లేదు, ఏ నాయకుడి మొహం మీద పడుకుంటారో మీ ఇష్టం. గుంటూరునుంచి పొన్నూరు, బాపట్ల మీదుగా సూర్యలంకకి సుమారు 60 కిలోమీటర్లే, లాడ్జీలున్నాయి, అంత హంగామా అవసరం లేదు.

సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల, నాగార్జునసాగర్ దారి వేరు. ఎండ, లారీలు, దుమ్ము. ఒక్క రోజులో సుమారు 140 కిలోమీటర్లు తొక్కాలంటే నీళ్లు మధ్యలో ఉండాల్సిందే, ఫ్రేమ్ బ్యాగు తప్పదు. ఇక వినుకొండ దాటి దోర్నాల చేరాక శ్రీశైలం ఘాట్ సుమారు 50 కిలోమీటర్లు, అడవి, కొట్లు తక్కువ, రాత్రిళ్లు ఘాట్ మూసేస్తారు. అక్కడ మొత్తం ఫ్రేమ్ బ్యాగు, లోపల నీటి తిత్తి, వెనక గట్టిగా చుట్టిన చిన్న సీటు బ్యాగు. నిలబడి ఎక్కే చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి పెద్దదైతే ఊగి చంపుతుంది. పైన సత్రాలున్నాయి, పక్కగుడ్డలు మోయక్కర్లేదు.

200 కిలోమీటర్ల బీఆర్ఎం, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్, ఒక్కరోజు తొక్కేవాళ్లు ఇవేవీ కొనకండి. దాని గడువు పదమూడున్నర గంటలు. సీటు కింద అరచేతంత బ్యాగు, పైగొట్టం మీద ఒకటి, రెండు సీసాలు, అంతే.

ఆటోనగర్‌లో కుట్టించుకోవడం

మన దగ్గర ఇంకొక ఎంపిక ఉంది, ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకనిది. బెజవాడ ఆటోనగర్‌లో లారీ సీట్లు, టార్పాలిన్లు కుట్టేవాళ్లు ఉన్నారు. మీ ఎస్ సైజు ఫ్రేమ్‌కి కంపెనీ బ్యాగు సరిపోకపోతే ఇందాక గీసిన అట్ట పట్టుకుని వెళ్లండి. అట్టకంటే అన్ని వైపులా ఒక సెంటీమీటరు తగ్గించి కుట్టమనండి, నింపాక గుడ్డ సాగి సరిపోతుంది. రెక్సిన్ వద్దు, ఎండకి పగులుతుంది. లారీ పట్టా గుడ్డ, లేదా మందపాటి బ్యాగు నైలాన్ అడగండి. పట్టీలకి సీటు బెల్టు నవారు లాంటిది వేయించి, పట్టీ కుట్టేచోట లోపల ఇంకో గుడ్డ ముక్క పెట్టి అడ్డంగా, ఐమూలగా నాలుగు వరసలు కుట్టించాలి. బరువంతా లాగేది అక్కడే, తెగేదీ అక్కడే.

సీటు బ్యాగు మాత్రం కుట్టించుకోవద్దు. దాని లోపల ఊగకుండా పట్టే గట్టి పలక, దాని కోణం కుదరాలి, అది కంపెనీ పనే. ఫ్రేమ్ బ్యాగు చదునైన సంచి, కుట్టడంలో పెద్ద మర్మం లేదు. బజారులో దొరికే ఫ్రేమ్ బ్యాగుల్లో చాలావాటికి పెద్ద జిప్పు కుడివైపు ఉంటుంది. మనం రోడ్డుకి ఎడమ పక్కన ఆగి, ఎడమ వైపు దిగి నిలబడతాం. జిప్పు కుడివైపు ఉంటే బిస్కెట్ పొట్లం కోసం కూడా లారీలు పోయే వైపు తిరిగి వెళ్లాలి. కుట్టేవాడికి మొదలుపెట్టకముందే చెప్పండి, ఎడమ వైపు పెట్టమని.